పదం అదే, పని వేరు: మాసిడోనియన్ మాటల ప్రాజెక్టు డైరీ

మే 5

1945లో ఇదే తేదీన మాసిడోనియన్ అక్షరమాలకు అధికారిక ముద్ర పడింది. మొత్తం 31 అక్షరాలు. నెల తిరిగేసరికి, జూన్ 7న, వర్ణక్రమం కూడా ఖాయమైంది. బళ్లలో, పత్రికల్లో నడిచే ప్రామాణిక భాషగా దాని వయసు మా నాన్న వయసు కంటే కొంచెమే ఎక్కువ. ఈ పని మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి రోజు లేదనిపించి ఇవాళ్టిదాకా ఆగాను.

పని ఇది. ఏ ప్రత్యయమూ తగిలించుకోకుండా ఒక భాషాభాగం నుంచి ఇంకో భాషాభాగంలోకి దాటిపోయే మాసిడోనియన్ మాటల్ని వాక్యాలతో సహా పోగుచెయ్యాలి. ఒక్కోదానికి తెలుగులో వివరణ రాయాలి. విశేషణం నామవాచకమైపోతుంది, నామవాచకం మన విభక్తి చేసే పని చేస్తుంది, క్రియ వెళ్లి సముచ్చయంలో, అంటే వాక్యాల్ని కలిపే మాటల్లో, కూర్చుంటుంది. పైకి చూస్తే ఒక్క అక్షరం కూడా కదలదు. ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యేలో ఉద్యోగం చేసిన రెండేళ్లూ నన్ను అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టినవి ఈ మాటలే. కాకినాడ తిరిగొచ్చాక కూడా వదల్లేదు.

నా దగ్గరున్న సరుకు: అక్కడ రాసుకున్న రెండు నోటుబుక్కులు, ఫోన్‌లో బోర్డుల ఫొటోలు, వారానికోసారి వీడియో కాల్‌లో దొరికే టీచరుగారు. ఆవిడ ప్రిలెప్‌లో భాష చెప్పి రిటైరయ్యారు. మాసిడోనియన్ వ్యాకరణాన్ని 1952లో, 1954లో రెండు భాగాలుగా వెలువరించిన బ్లాజె కోనెస్కీ పుట్టిన నెబ్రెగోవో ఆ ప్రిలెప్ పక్క ఊరే. ఆ సంగతి ఆవిడ మొదటి రోజే చెప్పారు, మా ఊరి మనిషి అన్నంత గర్వంగా.

లిపి గురించి ఒక మాట. అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. వాళ్ల త, ద మనలాగే పళ్లకు తగిలి పలుకుతాయి, కాబట్టి ట, డ పెట్టడం లేదు. స్వరాలు అయిదే. హ్రస్వదీర్ఘాల తేడాతో అర్థం మారదు, అందుకని చదవడానికి ఏది హాయిగా ఉంటే అది రాస్తున్నాను. ఇంకో ముచ్చట: మనం 'చుక్క'లో చ, 'జున్ను'లో జ ఎలా పలుకుతామో ఆ రెండు ధ్వనులకూ వాళ్ల దగ్గర విడిగా అక్షరాలున్నాయి. మన పాత పుస్తకాల్లో ౘ, ౙ అని రాసేవారే, అవే. నక్షత్రాన్ని వాళ్లు జ్వేజ్దా అంటారు, మొదటి జను 'జున్ను'లో జలాగా. స్కోప్యే ఆఫీసులో మిగతా విదేశీయులు ఆ శబ్దం కోసం వారాల తరబడి కష్టపడితే నాకు మొదటి రోజే వచ్చేసింది.

మే 9

మొదటి షీట్ తెరిచాను. మొదట గుర్తొచ్చిన రెండు మాటలూ తలుపుల మీదివే: వ్లేజ్, ఇజ్లేజ్. ప్రవేశం, నిష్క్రమణ. షాపు, ఆఫీసు, బస్టాండు, ఎక్కడికెళ్లినా ఇవే. వ్లేజె అంటే లోపలికి రావడం, ఇజ్లేజె అంటే బయటికి వెళ్లడం. క్రియ తోక కాస్త కత్తిరిస్తే నామవాచకం తయారు.

గంటసేపు ఆలోచించి ఈ రెంటినీ షీట్‌లోంచి తీసేశాను. తెలుగులో 'నవ్వు' చూడండి. పిల్లాణ్ని నవ్వు అని అడగొచ్చు, వాడి నవ్వు బాగుంది అనీ అనొచ్చు. చదువు, తిట్టు, కట్టు, పట్టు అన్నీ ఇంతే, రెండు చోట్లా రూపం ఒక్కటే. వ్లేజ్ అలా కాదు. లోపలికి రా అనాలంటే వ్లేజి అనాలి. వ్లేజ్ అన్న రూపం క్రియగా నిలబడదు, నామవాచకంగానే నిలబడుతుంది. ఇలాంటి వాటిని సున్నా ప్రత్యయంతో పుట్టినవి అనాలా, తరగతి మారినవి అనాలా అని భాషావేత్తలు వాదించుకుంటూనే ఉంటారు. నా షీట్‌కి ఒక నియమం కావాలి కాబట్టి పెట్టుకున్నాను: రూపం రెండు చోట్లా తు.చ. తప్పకుండా ఒకటే ఉండాలి. స్కోక్ (గెంతు), ప్లాచ్ (ఏడుపు), రాజ్గోవోర్ (సంభాషణ) లాంటివన్నీ వేరే షీట్‌లోకి వెళ్లాయి.

మే 16

స్కోప్యే నుంచి తెచ్చిన సీసాల్లో ఆఖరిది ఇవాళ మూత తీశాను. దక్షిణ మాసిడోనియాలో పచ్చి అడవి అత్తికాయల్ని పంచదార పాకంలో ఉడికించి నిలవ పెడతారు. ఇంటికి ఎవరైనా వస్తే ముందు చిన్న పళ్లెంలో చెంచాడు ఇది, పక్కనే గ్లాసుడు మంచినీళ్లు. అమ్మకి కూడా అలాగే ఇచ్చాను.

"ఏంట్రా ఇది, అత్తికాయ పాకమా?"

"స్లత్కో అంటారమ్మా."

"అంటే?"

"తియ్యనిది అని."

"తియ్యనిది అంటే ఏదైనా కావచ్చు కదరా. దీని పేరేంటి?"

పేరు అదేనమ్మా అన్నాను. ఒప్పుకోలేదు. ఆవిడ అడిగింది నిజమే. తియ్యగా ఉండేవి వెయ్యి ఉన్నాయి. వాటిలో ఈ సీసాలోదానికే 'తియ్యనిది' అన్న పేరు ఎప్పుడు, ఎలా స్థిరపడింది? నా షీట్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోందని అప్పుడు తెలిసింది.

మూడు వాక్యాలు పక్కపక్కన రాశాను. స్లత్కో వీనో: తియ్యని వైన్. ఇక్కడ అది విశేషణం. వీనో నపుంసకం కాబట్టి చివర ఓ వచ్చింది. దేతేతో స్లత్కో స్పీయే: పాప హాయిగా నిద్రపోతోంది. ఇక్కడ క్రియావిశేషణం. స్లత్కో ఓద్ స్మోక్వీ: అత్తికాయల పాకం. ఇక్కడ నామవాచకం.

తెలుగులో ప్రతిసారీ తోక మారుతుంది: తియ్యని, తియ్యగా, తియ్యనిది. 'ని' ఉంటే విశేషణం, 'గా' ఉంటే క్రియావిశేషణం, 'ది' ఉంటే నామవాచకం అని మన చెవి చిన్నప్పటినుంచీ అలవాటు పడిపోయింది. మాసిడోనియన్‌లో ఆ తోక కోసం వెతుక్కుంటూ రెండేళ్లు గడిపాను. పక్కన ఎవరున్నారో చూస్తే సరిపోయేది.

మే 17

దోబ్రో (మంచి, బాగా, మేలు), ఊబవో (అందమైన, అందంగా), బ్ర్జో (వేగమైన, వేగంగా) ఎక్కించాను. నపుంసక విశేషణం అలాగే క్రియావిశేషణమైపోవడం ఈ భాషలో రోజూ జరిగే పని. వందలు రాయొచ్చు. ఆరు రాసి ఆపేశాను.

మే 23

లింగం మీద కూర్చున్నాను. నామవాచకంగా మారిన విశేషణం కొన్నిసార్లు నపుంసకంలో, కొన్నిసార్లు స్త్రీలింగంలో, కొన్నిసార్లు పుంలింగంలో ఎందుకుంటుందో మొదట్లో అర్థం కాలేదు. నోటుబుక్కు తిరగేస్తుంటే తీగ దొరికింది.

హోటల్లో తేలెష్కో అడిగితే దూడమాంసం వస్తుంది, స్వీన్స్కో అడిగితే పందిమాంసం. రెండూ నిజానికి విశేషణాలే: దూడకు చెందిన, పందికి చెందిన. మాంసాన్ని మేసో అంటారు, అది నపుంసకం. మాట నోట్లోంచి జారిపోయింది, దాని లింగం మాత్రం విశేషణం చివర మిగిలింది. గ్యాస్ ఉన్న మినరల్ వాటర్ కావాలంటే 'ఏద్నా కీసెలా' అంటారు, అంటే 'ఒక పుల్లటిది'. ఇక్కడ ఆ అనే స్త్రీలింగం ఎందుకు? నీళ్లు అంటే వోదా, అది స్త్రీలింగం కాబట్టి. భాష పేరు మకెదోన్స్కీ పుంలింగం, ఎందుకంటే భాష అంటే యాజిక్, పుంలింగం. ముగ్గురూ వెళ్లిపోయారు, ముగ్గురి చెప్పులూ గుమ్మం దగ్గరే ఉన్నాయి.

బిడ్డ పుట్టినప్పుడు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే బాపతు. 'మాష్కో ఇలీ జేన్స్కో?' మగా ఆడా? ఆడపిల్ల గురించి అడిగేటప్పుడు కూడా నపుంసకం ఎందుకని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ని. బిడ్డ అంటే దేతే, ఆ మాట నపుంసకం. అందుకే ఇంట్లో చిన్నపిల్లని మాలోతో అంటారు: చిన్నది. మన 'చిన్నోడు', 'చిన్నది' ఎంత ప్రేమగా ఉంటాయో అదీ అంతే. కాకపోతే మనకు వాడు, ది కావాలి. వాళ్లకు 'తో' అనే ఆర్టికల్ (ఇంగ్లీషు 'the' లాంటిది) చాలు.

సర్వనామాలూ ఇంతే. మోయితే అంటే 'నావి', 'నావాళ్లు' రెండూ. ఒక మనిషి 'మోయితే సె దోమా' అన్నాడంటే మావాళ్లు ఇంటి దగ్గర ఉన్నారని. ఈ దోమా కూడా షీట్‌లోకి రావాల్సిందే. ఇల్లు అనే పాత మాట విభక్తి రూపం గడ్డకట్టుకుపోయి 'ఇంటి దగ్గర' అనే క్రియావిశేషణమైంది. విభక్తులన్నీ భాషలోంచి వెళ్లిపోయాక ఇలాంటి శిలాజాలు మిగిలాయి. దేన్యే (పగటిపూట), నోక్యే (రాత్రిపూట) వాటి తోబుట్టువులే.

ఊళ్ల చుట్టుపక్కల ప్రాంతాల పేర్లు చూస్తే ఆనందం వేసింది. ప్రిలెప్ ఊరు, ప్రీలెప్స్కో ఆ చుట్టుపక్కల ప్రాంతం. బీతోలా ఊరు, బీతోల్స్కో ఆ ప్రాంతం. మళ్లీ నపుంసక విశేషణమే.

మే 31

పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. ఉద్దేశం సులువైనది. మాసిడోనియన్‌లో నిర్దిష్ట ఆర్టికల్ మాట చివర అతుక్కుంటుంది: ఓత్, తా, తో, తే. దగ్గరి వస్తువుకైతే ఓవ్, వా, వో, వే. దూరపు వస్తువుకైతే ఓన్, నా, నో, నే. మాట చివర వీటిని గుర్తుపట్టి కత్తిరిస్తే మూలపదం దొరుకుతుంది, అప్పుడది ఏ పని చేస్తోందో చూడొచ్చు అనుకున్నాను.

నోటుబుక్కులోని వాక్యాలన్నీ వేసి రన్ చేశాను. జ్లాతో (బంగారం) తీసుకెళ్లి చివర 'తో' కత్తిరించి జ్లా చేసింది. జ్లా అంటే చెడ్డది. మేస్తో (చోటు) మేస్ అయింది, అలాంటి మాటే లేదు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మీనతో. మీనత్ అంటే 'గడిచిన', దాని నపుంసకం మీనతో, అదే నామవాచకంగా 'గతం'. స్క్రిప్టు 'తో' తీసేసి మీనా అని చేతిలో పెట్టింది. మీనా అంటే 'గడిచింది' అనే భూతకాల క్రియ, మందుపాతర అనే నామవాచకం కూడా. గతానికి చెందిన మాట ఒకే దెబ్బకి క్రియగా, మందుపాతరగా మారిపోయింది.

రాత్రి ఒంటిగంట దాకా సరిచేస్తూ కూర్చున్నాను. తప్పు కోడ్‌లో లేదు. ఒక్కో మాటను విడిగా చూసి దాని జాతి తేల్చేద్దామన్న నా ఆలోచనలోనే ఉంది. రేపటి నుంచి యూనిట్ పదం కాదు, వాక్యం. షీట్‌లో మొదటి కాలమ్ మార్చేశాను. పాత ఎంట్రీల్లో వాక్యం లేనివి 40కి పైగా ఉన్నాయి, అన్నీ మళ్లీ రాయాలి.

జూన్ 7

ఈ రోజు దొరికింది నాకు ఈ ప్రాజెక్టులోకెల్లా విలువైనది. టీచరుగారితో కాల్‌లో ఉండగా పాత ప్రశ్న మళ్లీ అడిగాను. స్లత్కో, మాష్కో రెండూ విశేషణాలే కదా, రెండూ నామవాచకాలు అయ్యాయి కదా, మరి రెంటికీ షీట్‌లో ఒకే గుర్తు పెట్టనా?

ఆవిడ సిద్ధాంతం ఏమీ చెప్పలేదు. "ఒకటి కాదు, చాలా ఉంటే ఏమంటావు?" అన్నారు.

స్లత్కో చాలా ఉంటే స్లత్కా. అత్తికాయలది ఒకటి, చెర్రీలది ఒకటి, ఇలా నాలుగు రకాల పాకాలుంటే స్లత్కా అనాలి. మాష్కో చాలామంది ఉంటే మాష్కి, ఆర్టికల్‌తో మాష్కితే.

అక్కడే ఆగిపోయాను. మాసిడోనియన్‌లో విశేషణాల బహువచనం మూడు లింగాలకీ ఒకటే, చివర ఇ వస్తుంది. తియ్యని వైన్లు అనాలంటే స్లత్కి. కానీ ఓతో ముగిసే నపుంసక నామవాచకాల బహువచనం ఆ. సేలో అంటే ఊరు, సేలా ఊళ్లు. స్లత్కో బహువచనంలో సేలో వెంట వెళ్లిపోయింది. మాష్కో ఇంకా విశేషణాల ఇంట్లోనే ఉంది. ఏకవచనంలో కవలల్లా కనిపించినవి బహువచనంలో విడిపోయాయి.

గబగబా మిగతావి అడిగాను. దోబ్రో, మేలు లేదా సంపద అన్న అర్థంలో? దోబ్రా. సాంస్కృతిక సంపదల్ని 'కుల్తూర్ని దోబ్రా' అంటారు. పూర్తిగా దాటింది. జ్లో, కీడు? జ్లా. దాటింది. మాలో, చిన్నది? మాలితే. దాటలేదు.

రష్యన్‌లో 'గతం' అనే మాట కూడా విశేషణం నుంచే వచ్చింది, కానీ అక్కడ విభక్తి మారినప్పుడల్లా విశేషణం ప్రత్యయాలే తొడుక్కుంటుంది. ఎక్కడికి వెళ్లినా పాత యూనిఫాం ఒంటి మీదే ఉంటుంది. మాసిడోనియన్ నామవాచకాలకు సంబోధన తప్ప విభక్తులే మిగల్లేదు, కాబట్టి యూనిఫాం లేదు. ఏకవచనంలో సేలో పక్కన స్లత్కోని నిలబెడితే ఎవరు పుట్టుకతో నామవాచకమో, ఎవరు తర్వాత వచ్చారో చెప్పలేం. ఆ బహువచనం ఒక్కటే కిటికీ. ఆ కిటికీ తెరిచింది వ్యాకరణ పుస్తకం కాదు, నలభై ఏళ్లు పిల్లలకు భాష చెప్పిన మనిషి అడిగిన ఒక్క ప్రశ్న.

ఇందులో ఒక చిక్కుంది, రాసిపెట్టుకోవాలి. స్లత్కా అంటే 'పాకాలు' అనే బహువచనం, 'తియ్యని' అనే స్త్రీలింగ ఏకవచన విశేషణం కూడా. ఆర్టికల్ చేర్చినా రెండూ స్లత్కతా అనే అవుతాయి. కిటికీ ఉంది, ఒక్కోసారి అద్దం మీద ఆవిరి పడుతుంది. వాక్యం లేకుండా ఏదీ ఎక్కించకూడదన్న మే 31 నిర్ణయం సరైనదే.

జూన్ 14

ఓతో ముగియని వాటి సంగతి? బోలెన్ (జబ్బుపడ్డ) ఆర్టికల్‌తో బోల్నియోత్ అయితే 'రోగి'. పురుషుడైతే బోల్నియోత్, స్త్రీ అయితే బోల్నతా, చాలామంది అయితే బోల్నితే. మనిషిని బట్టి లింగం మారుతోందంటే ఇది ఇంకా విశేషణమే అనుకోవచ్చు. కానీ ఆసుపత్రిలో ఆ మాటే పేరులా నడుస్తోంది కదా.

ఇక్కడ ఆర్టికల్ తానే సాక్ష్యం చెప్పింది. మాసిడోనియన్ ఆర్టికల్ పదబంధంలో మొదటి అర్హుడి మీద కూర్చుంటుంది. 'ఇంట్లో చేసిన పాకం' అనాలంటే దోమష్నోతో స్లత్కో. తో వెళ్లి దోమష్నో మీద కూర్చుంది, స్లత్కో బోసిగా ఉంది. మన గతం అనాలంటే నాషెతో మీనతో, మళ్లీ అదే తీరు. ముందున్నది విశేషణమో సర్వనామ విశేషణమో అయితే ఆర్టికల్‌ని అది లాక్కుంటుంది.

ఇప్పుడు 'జబ్బు బాగా ముదిరిన రోగి': తేష్కో బోల్నియోత్. ఓత్ తేష్కో మీద కూర్చోలేదు, దాన్ని దాటి బోలెన్ మీదికి వచ్చింది. ఎందుకంటే తేష్కో ఇక్కడ క్రియావిశేషణం, 'తీవ్రంగా'. ఆర్టికల్ క్రియావిశేషణం మీద కూర్చోదు. క్రియావిశేషణంతో వర్ణించగలిగామంటే లోపల బోలెన్ ఇంకా విశేషణంగానే ఊపిరి పీలుస్తోంది. దాన్ని పూర్తి నామవాచకంలా చూసి ముందు పుంలింగ విశేషణం పెట్టి తేష్కియోత్ బోలెన్ అన్నాను. టీచరుగారి చెవికి అతకలేదు.

దీంతో నాకు రెండో పరీక్ష దొరికింది. ముందు వచ్చే మాట ఆర్టికల్‌ని లాక్కుంటోందా, వదిలేస్తోందా?

ఈ పరీక్ష ఒక మాట దగ్గర రెండు జవాబులిచ్చింది: వ్రబోతెన్, ఉద్యోగి. ఇది మొదట 'ఉద్యోగంలో పెట్టబడ్డ' అనే క్రియాజన్య విశేషణం. కొత్త ఉద్యోగులు అనడానికి నోవితే వ్రబోతెని అంటారు. ఆర్టికల్‌ని 'కొత్త' లాక్కుంది, కాబట్టి ఉద్యోగి నామవాచకం. నోవోవ్రబోతెనితే అని కూడా అంటారు, 'కొత్తగా-నియమితులు' అని ఒకే మాటగా. ఇందులో అది ఇంకా విశేషణం. రెండు రూపాలూ రోజూ వాడుకలో ఉన్నాయి. మాట గుమ్మం మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఉంది. షీట్‌లో 'సగం' అనే కొత్త గుర్తు పెట్టాను.

జూన్ 15

కోనెస్కీ పేరు మీదే రాత్రంతా ఆలోచన. స్కీతో ముగిసే ఇంటిపేర్లు పుట్టుకతో విశేషణాలు. అదే ఇంట్లో ఆడవాళ్లు కోనెస్కా. ఇంటిపేరు అంతకంటే గట్టి నామవాచకం ఉంటుందా? అయినా మనిషిని చూసి లింగం మార్చుకుంటుంది. 'సగం' గుర్తు పెట్టాను.

జూన్ 28

రెండు వారాలు ఆఫీసు పని ఊపిరి తీసుకోనివ్వలేదు. ఇవాళ నామవాచకాలు దాటి వెళ్లాను.

క్రాయ్ అంటే చివర. నా క్రాయోత్ అంటే 'చివరికి'. అదే క్రాయ్ ఆర్టికల్ వదిలేసి ఇంకో నామవాచకం ముందు నిలబడితే 'పక్కన', 'ఒడ్డున' అవుతుంది: క్రాయ్ వర్దార్, వర్దార్ ఒడ్డున. స్కోప్యే మధ్యలోంచి పారే నది అది, సాయంత్రాలు నేను నడిచింది ఆ ఒడ్డునే. మేస్తో అంటే చోటు. మేస్తో మేనే అంటే 'నాకు బదులు'. మన 'పక్క' పక్కన అయినట్టే ఇదీ. ఇక్కడ పరీక్ష తేలిక: విభక్తి పని చేసేటప్పుడు ఆ మాట ఆర్టికల్‌ని దగ్గరికి రానివ్వదు.

దీనికి సరిగ్గా తిరగేసిన బొమ్మ కూడా ఉంది. వేచెర్ అంటే సాయంత్రం. దగ్గరితనం చెప్పే ఆర్టికల్ చేరి వేచెర్వా అయితే 'ఇవాళ సాయంత్రం'. గోదినావా 'ఈ ఏడాది', లేతోవో 'ఈ వేసవిలో'. ఇక్కడ ఆర్టికల్ వల్లే నామవాచకం కాలం చెప్పే క్రియావిశేషణమైంది. 'సాయంత్రం వస్తా' అనేటప్పుడు తెలుగులో కూడా ఏ విభక్తీ పెట్టం, సాయంత్రం అనే నామవాచకం నేరుగా ఆ పని చేస్తుంది. ఇన్నాళ్లూ ఇది వింతగా అనిపించలేదు, నా నోటిదే కాబట్టి.

ఇవాళ్టి అసలు మాట మాత్రం బిదేయ్‌కీ. 'ఎందుకంటే', 'కాబట్టి' అనే చోట వాడతారు. పేపర్లో ప్రతి పేజీలో ఉంటుంది. దీన్ని విప్పితే లోపల బీదె అనే క్రియ ఉంది: ఉండు, అగు. చివర కీ అనేది మన శత్రర్థకం 'తూ' లాంటిది. అంటే అక్షరాలా 'అవుతూ'. ఆ 'అవుతూ' నెమ్మదిగా కారణం చెప్పే సముచ్చయమైపోయింది, ఇప్పుడు వాడేవాళ్లకు లోపలి క్రియ వినిపించదు.

ఇది రాస్తూ 'కాబట్టి' అని టైప్ చేసి ఆగిపోయాను. కాన్ + పట్టి. పాత పుస్తకాల్లో అరసున్నతో కాఁబట్టి అని ఉంటుంది. 'అగు' నుంచి వచ్చిన కాన్, 'పట్టు' నుంచి వచ్చిన పట్టి. రెండు క్రియలు కలిసి సముచ్చయమయ్యాయి, లోపలున్నది కూడా అదే 'అగు'. ఎక్కడి బాల్కన్ కొండలు, ఎక్కడి గోదావరి? ఒకరి ముఖం ఒకరు చూడని రెండు భాషలు కారణం చెప్పాల్సి వచ్చేసరికి ఒకే క్రియ దగ్గరికి వెళ్లాయి. చెయ్యి కీబోర్డు మీద అలాగే ఉండిపోయింది కాసేపు.

జూలై 6

తుర్కీ నుంచి వచ్చిన మాటల రోజు. ఒట్టోమన్ పాలనలో శతాబ్దాలు ఉన్న నేల కాబట్టి అక్కడి బజారులో తెలుగువాడికి సగం మాటలు తెలిసినవే తగులుతాయి. దుక్యాన్ మన దుకాణం, జెబ్ మన జేబు, పజార్ మన బజారు, షెక్యెర్ మన చక్కెర. పర్షియన్, అరబీ, సంస్కృతం నుంచి బయల్దేరి ఒక కొమ్మ అటు, ఒక కొమ్మ ఇటు వచ్చాయి.

నా షీట్‌కి కావాల్సింది తాజె, మన తాజా. తాజె లేబ్ అంటే తాజా రొట్టె. ఇది విశేషణమే, కానీ లింగం, వచనం ఏదీ పట్టించుకోదు. తాజె పేచెన్ లేబ్, 'అప్పుడే కాల్చిన రొట్టె', ఇక్కడ అదే మాట క్రియావిశేషణం. సొంత స్లావ్ విశేషణానికి లింగం చూపే తోక ఉంటుంది, ఆ తోకే దాన్ని ఒకచోట కట్టేస్తుంది. వలస వచ్చిన తాజెకి తోక లేదు, కాబట్టి ఎటు తిరిగినా అడ్డులేదు. మన విశేషణాలకూ లింగం చూపే తోక ఉండదు: తాజా కూర, తాజా పళ్లు.

ఇంకొకటి. మాసిడోనియన్‌లో విశేషణానికి ముందు పో పెడితే 'ఇంకా ఎక్కువ', నాయ్ పెడితే 'అన్నిటికంటే ఎక్కువ'. దోబ్రో, పోదోబ్రో, నాయ్‌దోబ్రో. ఈ పో నామవాచకం మీద కూడా ఎక్కుతుంది. మాయ్‌స్తోర్ అంటే పని తెలిసిన మేస్త్రీ. నాకంటే పనిమంతుడు అనాలంటే పోమాయ్‌స్తోర్ ఓద్ మేనే. మేస్త్రీ అనే నామవాచకం ఆ క్షణానికి విశేషణమై తూకానికి ఎక్కింది. ఆ మాయ్‌స్తోర్, మన మేస్త్రీ ఒకే లాటిన్ మాట మనవలు. అది వేరే దారిలో అక్కడికి వెళ్లింది, ఇది పోర్చుగీసు ఓడ దిగి ఇక్కడికి వచ్చింది. మా వీధిలో గోడ కడుతున్న మేస్త్రీకి ఈ సంగతి చెబితే చాలా సంతోషించాడు, అక్కడ కూలి ఎంత ఉంటుందని అడిగాడు.

జూలై 19

ఇవాళ్టికి లెక్క: 268 వాక్యాలు, 91 మాటలు. పూర్తిగా దాటినవి 34, సగం 39, పెండింగ్ 18. స్క్రిప్టుని పక్కన పెట్టలేదు. ఇప్పుడది కత్తిరించదు, పక్క మాటల్ని చూసి నన్ను అడుగుతుంది. చాలాసార్లు సరైన చోటే అడుగుతోంది.

పెండింగ్‌లో రెండు మాటలు నన్ను వదలడం లేదు. ఒకటి యాస్, 'నేను'. మోయెతో యాస్ అంటే 'నాలోని నేను'. సర్వనామం నపుంసక నామవాచకమైపోయి మోయెతో చేత ఆర్టికల్ మోయిస్తోంది. రెండో పరీక్ష పాసైంది, బహువచనం అడిగితే మాత్రం తెల్లముఖం వేస్తుంది. ఇలాంటివాటికి మొదటి పరీక్ష వర్తించదని రాసుకోవాలి.

రెండోది ఊత్రే, రేపు. రోజువారీ మాటల్లో క్రియావిశేషణం. కానీ ఎన్నికలప్పుడు 'జా పోదోబ్రో ఊత్రే' లాంటి నినాదాలు వినిపిస్తాయి, 'మెరుగైన రేపటి కోసం'. పోదోబ్రో నపుంసకంలో ఉంది, అంటే ఊత్రేని నపుంసక నామవాచకంగా చూస్తున్నారు. చిత్రమేమిటంటే ఊత్రే మొదట్లో ఊత్రో అనే నామవాచకానికి విభక్తి రూపం. ఊత్రో అంటే ఉదయం. ఉదయం అనే నామవాచకం రేపు అనే క్రియావిశేషణమై, ఇప్పుడు మళ్లీ నామవాచకంగా తిరిగొస్తోంది. మన రేపు కూడా ఒకప్పుడు ఉదయమే. 'రేపూ మాపూ' అనడంలో ఇప్పటికీ అది పొద్దున్నే, మాపు సాయంత్రం.

ఊత్రేకి ఏ గుర్తు పెట్టాలో తేలక టీచరుగారికి నాలుగు వాక్యాలు పంపి, వీటిలో ఏది సహజంగా ఉందని అడిగాను. ప్రిలెప్‌లో అప్పటికి రాత్రి పది దాటింది. పది నిమిషాలకి ఒక్క మాటలో జవాబు వచ్చింది: ఊత్రే.

దాన్ని 269వ వరుసలో ఎక్కించాను. క్రియావిశేషణం, సందేహం లేదు.